కరెంటు మంచినీళ్లంత చవకైతే ఎవరి బతుకు ఎలా మారుతుంది?

కొండాపూర్_కిరణ్ · శనివారం ఉదయం 10:05

2010-11లో మన దేశంలో సోలార్ టెండర్లలో యూనిట్ 11, 12 రూపాయలు పలికింది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కి దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1.99. ఆ తర్వాత కొంచెం పెరిగి రెండున్నర చుట్టూ తిరుగుతోంది. అయినా కొత్తగా కట్టే బొగ్గు ప్లాంటు కంటే చవకే. చైనా 2024 ఒక్క ఏడాదిలో 277 గిగావాట్ల సోలార్ పెట్టింది. మనం ఇన్నేళ్లూ కలిపి పెట్టింది 2025 మొదట్లో 100 గిగావాట్లు దాటింది.

ఇదే దారిలో ఇంకో ఇరవై ఏళ్లు పోయి కరెంటు మంచినీళ్లంత చవకైపోయిందనుకోండి. ప్రపంచంలో ఏ దేశం లేస్తుంది, ఏది పడుతుంది? హైదరాబాద్‌కి ఏం దక్కుతుంది? ‘ఏఐ డేటా సెంటర్లు’ అని ఒక్క మాటలో తేల్చేయకండి. అది నాకూ తెలుసు, నేను బతికేదే దానిమీద.

నల్లగుట్ట_నాని · 10:11

మంచినీళ్లంత చవకా? అన్నా, నువ్వు ఏప్రిల్‌లో మీ కొండాపూర్‌లో ట్యాంకర్ బుక్ చేసినట్టు లేవు.

రిటైర్డ్_డీఈ · 10:48

ఈ మాట మొదటిసారి వినడం కాదు. 1954లో అమెరికా అణుశక్తి కమిషన్ ఛైర్మన్ లూయిస్ స్ట్రాస్, మన పిల్లల కాలానికి కరెంటుకు మీటరు పెట్టాల్సిన పనే ఉండదన్నాడు. ఆ పిల్లలకి మనవలు కూడా వచ్చేశారు. మీటర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

కిరణ్ గారు, మీరు చెప్పిన 1.99 గుజరాత్‌లో మధ్యాహ్నం పన్నెండింటి ధర. అది ప్లాంటు గేటు దగ్గర ధర. నేను రిటైరయ్యేదాకా సబ్‌స్టేషన్లలో చూసింది సాయంత్రం ఏడింటి హైదరాబాద్‌ని. లైట్లు, ఏసీలు, గీజర్లు, లిఫ్టులు, ఇప్పుడు కొత్తగా కార్ల ఛార్జింగ్. అప్పటికి సూర్యుడు ఉండడు. మధ్యాహ్నం యూనిట్, సాయంత్రం యూనిట్ రెండూ వేర్వేరు సరుకులు. జర్మనీలో 2024లో 450 గంటలకు పైగా హోల్‌సేల్ ధర సున్నా కంటే కిందికి పోయింది. అంటే కరెంటు తీసుకున్నవాడికే ఎదురు డబ్బులు. అలాగని అక్కడ ఇంటి బిల్లు తగ్గిందా? యూరప్‌లో ఎక్కువ బిల్లులు కట్టేవాళ్లలో వాళ్లూ ఉన్నారు. రాజస్థాన్‌లో లైన్లు సరిపోక తయారైన సోలార్‌ని ఆపేయిస్తున్నారు.

మధ్యాహ్నాన్ని సాయంత్రానికి మోసుకుపోవడమే అసలు ఖర్చు. అందులో మన తెలుగువాళ్లు వెనకబడి ఏమీ లేరు. నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టులోనూ నీళ్లను వెనక్కి ఎత్తిపోయగల రివర్సిబుల్ టర్బైన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టువే ఆరు, ఒక్కోటి 150 మెగావాట్లు. కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (పగటి కరెంటుతో నీళ్లు పైకెత్తి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే ప్లాంటు) చేపట్టింది మన హైదరాబాద్ కంపెనీ గ్రీన్‌కోనే. బ్యాటరీ కూడా దిగింది: 2010లో ఒక యూనిట్ నిల్వ చేసే ప్యాక్ 1,000 డాలర్ల పైన ఉండేది, 2024లో సగటు 115 డాలర్లు. కాబట్టి చవక రాదని నేననడం లేదు. ఎవరి ఇంటికి, ఏ వేళకి వస్తుందనేదే నా ప్రశ్న.

బాలానగర్_ఫౌండ్రీ · 11:30

నా షెడ్డు లెక్క చెప్తాను. ఇండక్షన్ ఫర్నేస్‌లో టన్ను ఇనుము కరగడానికి 600 యూనిట్ల దాకా పడుతుంది. ఇసుక ప్లాంటు, కంప్రెసర్, గ్రైండింగ్, రిజెక్టయిన పీసులను మళ్లీ కరిగించడం అన్నీ కలిపితే, అమ్మకానికి పనికొచ్చే టన్నుకి వెయ్యి యూనిట్లు దాటుతుంది. యూనిట్ 8 రూపాయలనుకుంటే టన్నుకి 8 వేల పైమాటే. కాస్టింగ్ అమ్మేది టన్ను లక్షకి అటూ ఇటూ. కరెంటు 2 రూపాయలకు దిగితే నాకు టన్నుకి ఆరు వేలు మిగలాలి. మా మార్జిన్లకి అది చిన్న డబ్బు కాదు.

మిగులుతాయా మరి? రాజ్‌కోట్ వాడికీ, కోయంబత్తూరు వాడికీ అదే రేటు వస్తుంది కదా. మూడు నెలలు తిరక్కుండా పంపుల కంపెనీ పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేసి ‘కరెంటు తగ్గిందటగా, రేటు సవరించండి’ అంటాడు. అందరికీ చవకైతే నా జేబులో ఏమీ ఆగదు. పక్కవాడికి లేకుండా నాకొక్కడికే చవకైతేనే నాకు లాభం.

ఇంకొకటి. 2012, 2013 పవర్ హాలిడేలు గుర్తున్నాయా ఎవరికైనా? వారానికి రెండు మూడు రోజులు కరెంటే లేదు. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లిలో ఎంతమంది షట్టర్లు దించారో. లోహం కరుగుతుండగా కరెంటు పోతే ఫర్నేస్‌లోనే గడ్డకడుతుంది, లైనింగ్ మొత్తం పోతుంది. ఎనిమిది రూపాయలకైనా పోకుండా ఉండే కరెంటు కావాలి నాకు. రెండు రూపాయలకు వచ్చి పోయే కరెంటు నాకెందుకు?

స్వర్ణ_ఎకనామిక్స్ · మధ్యాహ్నం 12:20

డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఫౌండ్రీ అన్నయ్య చెప్పిన ‘పక్కవాడికి లేకుండా నాకొక్కడికే’ అన్న మాటని దేశాలకు పట్టించి చూడండి.

అల్యూమినియం టన్నుకి 14 వేల యూనిట్ల చుట్టూ పడుతుంది. ఇనుము కరిగించేదానికీ దీనికీ పోలికే లేదు. అందుకే ఐస్‌లాండ్‌లో నాలుగు లక్షల జనాభా కూడా లేకపోయినా, బాక్సైట్ గనులు లేకపోయినా, బాక్సైట్ నుంచి తీసిన అల్యూమినా పొడిని ఓడల్లో తెప్పించుకుని లోహం తీస్తారు. ఆ దేశం కరెంటులో మూడింట రెండు వంతులు ఆ స్మెల్టర్లకే పోతుంది. దీన్నే తిరగేస్తే జర్మనీ కనిపిస్తుంది. 2022లో రష్యా గ్యాస్ ఆగి ధరలు మండాయి. 2023 ఫిబ్రవరిలో అక్కడి పెద్ద కెమికల్ కంపెనీ బీఏఎస్ఎఫ్ తన సొంత ఊరు లుడ్విగ్స్‌హాఫెన్‌లోనే ఒక అమ్మోనియా యూనిట్‌ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఎక్కువ ఇంధనం తాగే పరిశ్రమ చవక ఇంధనం వెతుక్కుంటూ పోతుంది. ఆస్ట్రేలియా, చిలీ, సౌదీ, మన రాజస్థాన్, అనంతపురం లాంటి చోట్లకి రేపు అవి రావచ్చు.

అయితే ఎండ ఉంటే చాలా? నాకు అసలు ఆసక్తి ఇక్కడే. సోలార్‌కి ఇంధనం ఖర్చు లేదు. మరి ఆ రెండున్నర రూపాయలు దేనికి పోతున్నాయి? మొదటిరోజే పెట్టే పెట్టుబడికీ, దానిమీద వడ్డీకీ. మెగావాట్‌కి 4 కోట్లు పెట్టారనుకుందాం. తెలంగాణ ఎండలో ఏడాదికి 17 లక్షల యూనిట్లు వస్తాయనుకుందాం. 25 ఏళ్లలో అప్పు తీర్చాలి. వడ్డీ 10 శాతమైతే యూనిట్‌కి సుమారు 2.60 పడుతుంది. 4 శాతమైతే ఒకటిన్నర. 12 శాతమైతే మూడు రూపాయలు. నిర్వహణ ఖర్చు కలపలేదు, లెక్క మోటుదే. కానీ చూడండి, అదే ప్యానెల్, అదే ఎండ. తేడా అంతా బ్యాంకు దగ్గరే వచ్చింది.

సహారా దిగువ ఆఫ్రికాలో సుమారు 60 కోట్ల మందికి ఇప్పటికీ కరెంటు లేదు. అక్కడ ఎండకి కొరతా? అప్పు పుట్టదు, పుట్టినా వడ్డీ మోయలేరు. బొగ్గు, చమురు కాలంలో ఇంధనం ఎవరి భూమిలో ఉంటే వాళ్లది పైచేయి. ఇకముందు ఎవరికి తక్కువ వడ్డీకి అప్పు పుడితే వాళ్లది పైచేయి అవుతుందని నా అనుమానం.

బాలానగర్_ఫౌండ్రీ · 12:34

మేడమ్, షెడ్డు మీద సోలార్ పెడదామని అడిగితే బ్యాంకువాళ్లు 11 శాతం చెప్పారు. ఇల్లు కూడా తాకట్టు పెట్టమన్నారు. మీ లెక్క నాకు బాగా అర్థమైంది.

కొండాపూర్_కిరణ్ · 12:50

వడ్డీ కోణం బాగుంది మేడమ్, నేను ఎప్పుడూ అలా చూడలేదు. కానీ ప్యానెల్ తయారీలో దాదాపు ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనా చేతిలో ఉంది కదా. అరబ్బుల చమురు పోయి చైనా ప్యానెల్ వస్తే మనకి ఒరిగేదేంటి?

స్వర్ణ_ఎకనామిక్స్ · 1:15

చమురు ఓడ ఆగితే నెల తిరక్కుండా బంకుల ముందు లైన్లు. ప్యానెల్ ఓడ ఆగితే కొత్తవి రావు, అంతే. పెట్టినవి పాతికేళ్లు పనిచేస్తూనే ఉంటాయి. చమురు దిగుమతికి మన దేశం ఏటా 100 బిలియన్ డాలర్లకు పైగా కడుతోంది, పైగా వాడగానే అయిపోయే సరుకు. రెండూ ఒకే రకం బానిసత్వం కాదు.

మల్లేశం_జగిత్యాల · 3:40

అందరూ లాభం లెక్కలే చెప్తున్నారు. మా దిక్కు ఊళ్లల్లో గల్ఫ్‌కి మనిషిని పంపని ఇల్లు అరుదు. చమురు ధర పడితే మాకేమైతదో 2016లోనే చూసినం. 2014లో బ్యారెల్ 100 డాలర్ల పైనున్నది, 2016 మొదట్ల 30 దగ్గరికి వచ్చింది. సౌదీ సర్కారు కాంట్రాక్టర్లకు బిల్లులు ఆపింది. వేల మంది మనోళ్లు జీతాల్లేక, తిండికి కూడా కటకటై క్యాంపుల్లో చిక్కిపోయిండ్రు. అప్పటి కేంద్ర మంత్రి వి.కె. సింగ్ అక్కడికి పోవలసి వచ్చింది. మా బావ ఆ క్యాంపుల్లోనే ఉన్నడు. కంపెనీ పేరు ఇక్కడ వద్దు. ఆ జీతం బాకీ ఇప్పటికీ రాలే.

అది ధర రెండేళ్లు పడితేనే. ఇక ఎప్పటికీ లేవకపోతే? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ బ్యాంకుల్ల డిపాజిట్లు ఏడికెళ్లి వస్తయి?

కొండాపూర్_కిరణ్ · 3:58

అన్నా, గల్ఫ్ దేశాలు కూడా ఊరుకోలేదు. సౌదీలో షువైబా సోలార్ ప్లాంటుకి 2021లో యూనిట్ 1.04 సెంట్లకే టెండర్ పడింది. అప్పటి లెక్కలో మన ఎనభై పైసల లోపే. ఎండ ఉంది, ఎడారి ఉంది, స్వర్ణ మేడమ్ చెప్పిన తక్కువ వడ్డీ కూడా ఉంది. అల్యూమినియం, హైడ్రోజన్ అన్నీ అక్కడే చేస్తారు.

మల్లేశం_జగిత్యాల · 4:06

సౌదీ బతుకుతది తమ్ముడూ. సోలార్ ప్లాంటు కట్టినంక దాన్ని నడపడానికి ఎంతమంది కావాలె? నేను మా బావ గురించి అడుగుతున్నా.

గోదావరిఖని_శ్రీను · 5:20

మల్లేశమన్న అడిగిన ప్రశ్న మా సింగరేణిలో కూడా ఉంది. అయితే మా ఉద్యోగాలు సోలార్ వల్ల పోలేదు. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు, ఇప్పుడు 40 వేల చుట్టూ. ఆ ఉద్యోగాలు తీసింది ఓపెన్‌కాస్ట్ గనులు, యంత్రాలు. బొగ్గు మాత్రం అప్పటికంటే ఎక్కువే వస్తోంది. కాబట్టి ‘చవక కరెంటు వచ్చి గని మూసింది’ అని రేపు ఎవరైనా అంటే సగమే నిజం.

ఎవరూ మాట్లాడని ఇంకో సంగతి రైల్వే. గూడ్స్ రైళ్లు మోసే బరువులో సగం దాకా బొగ్గే. ఆ డబ్బుతోనే ప్యాసింజర్ టికెట్‌ని తక్కువలో పెడుతున్నారు. బొగ్గు తగ్గితే కాజీపేట నుంచి సికింద్రాబాద్ వచ్చే పుష్‌పుల్ టికెట్ ఎవరు భరిస్తారు? సముద్రం మీదా అదే కథ. ప్రపంచంలో ఓడలు మోసే సరుకులో బరువు లెక్కన 40 శాతం దాకా బొగ్గు, చమురు, గ్యాసే. ఇంధనాన్ని ఎక్కడికక్కడ తయారు చేసుకుంటే ఆ ఓడలు, ఆ రేవులు ఏం చేయాలి?

పాలమూరు_బోరు · రాత్రి 8:10

సార్లూ, మీరందరూ ‘కరెంటు ఉచితమైతే ఏమవుతుంది’ అని ఊహిస్తున్నారు. మా ఊరికి రండి, చూపిస్తాను. మాకు 2004 నుంచి ఉచితమే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇచ్చారు.

అంతకుముందు విడతల వారీగా వచ్చేది, ఏ అర్ధరాత్రో. అందుకే అందరం ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్. 24 గంటలు వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పారు, లేకపోతే మోటారు రాత్రీపగలూ ఆగదు, బోరు అడుక్కి పోతుందని. కొందరు తీశారు, కొందరు తీయలేదు. మా పక్క చేను ఆయన వరి వేశాడు, నేనూ వేశాను. నీళ్లు తగ్గితే ఇంకా లోతుకి బోరు వేయించాం. కరెంటుకి పైసా లేదు గానీ బోరుకి, కేసింగ్‌కి, మోటారు రీవైండింగ్‌కి అప్పు చేశాం. నా సొంతంగా నాకు తెలిసింది ఇదే: ఒకటి ఉచితమైతే దాని పక్కనున్నది కరువైపోతుంది.

అలాగని ఉచితం తీసేయమని అనకండి. తీసేస్తే మాలో సగంమంది వ్యవసాయమే వదిలేస్తారు.

స్వర్ణ_ఎకనామిక్స్ · 8:32

మీరు చెప్పింది మా పాఠాల్లో ఉంది. జెవన్స్ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త 1865లో బొగ్గు గురించి రాశాడు. ఆవిరి ఇంజిన్లు తక్కువ బొగ్గుతో నడవడం మొదలుపెట్టాక బొగ్గు వాడకం తగ్గుతుందనుకున్నారు, పెరిగింది. ఇకమీదట క్లాసులో ఇంగ్లండ్ బదులు పాలమూరు ఉదాహరణే చెప్తాను.

నల్లగుట్ట_నాని · 9:02

సరే, నా ట్యాంకర్ సంగతికి రండి. కరెంటు అంత చవకైతే సముద్రం నీళ్లు మంచినీళ్లు చేసుకుని హైదరాబాద్‌కి తెచ్చుకోవచ్చు కదా? చెన్నైలో నెమ్మేలి ప్లాంట్లు చేస్తున్నాయిగా.

రిటైర్డ్_డీఈ · 9:45

మంచి ప్రశ్న, లెక్క వేద్దాం. సముద్రపు నీటిని రివర్స్ ఆస్మాసిస్‌లో శుద్ధి చేయడానికి వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్లు. మనం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉన్నాం. వెయ్యి లీటర్లు అంత ఎత్తుకి ఎత్తాలంటే పంపు నష్టాలు కలిపి 2 యూనిట్లు. మచిలీపట్నం నుంచి 300 కిలోమీటర్లకు పైగా పైపులో తోయడానికి ఇంకో ఒకటో రెండో. మొత్తం ఏడు యూనిట్లు అనుకోండి. యూనిట్ 2 రూపాయలైతే వెయ్యి లీటర్లకు కరెంటు ఖర్చు 14 రూపాయలు. నాని బాబూ, ఎండాకాలం ప్రైవేటు ట్యాంకర్ పక్కన అది ఏ మూలకి?

కానీ ప్లాంటు, పైపులైను, పంప్‌హౌస్‌ల పెట్టుబడి, మళ్లీ మేడమ్ గారి వడ్డీ. పైగా మిగిలే చిక్కటి ఉప్పునీళ్లని ఎక్కడ వదులుతారు? చెన్నై సముద్రం పక్కన ఉంది కాబట్టి కుదిరింది. మనకి ఇప్పటికే కృష్ణా నీళ్లు నూరు కిలోమీటర్ల పైనుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోస్తున్నారు. వాటర్ బోర్డుకి పెద్ద ఖర్చు కరెంటు బిల్లే. చవక కరెంటు వల్ల హైదరాబాద్‌కి ముందు కలిగే మేలు అక్కడే, కొత్త సముద్రం పైపులో కాదు.

కొండాపూర్_కిరణ్ · 10:15

మరి యూరియా? మొన్న ఎరువుల షాపుల ముందు లైన్లు చూశాం. సోలార్‌తో హైడ్రోజన్, దాంతో అమ్మోనియా చేస్తే గ్యాస్ దిగుమతి అక్కర్లేదు కదా.

గోదావరిఖని_శ్రీను · 10:31

మా రామగుండంలోనే యూరియా ఫ్యాక్టరీ ఉంది కాబట్టి చెప్తాను. అమ్మోనియా వరకు నిజమే. కిలో హైడ్రోజన్‌కి 50 యూనిట్ల పైన కావాలి, కరెంటు చవకైతే అది సాధ్యమే. కానీ యూరియాకి అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పుడు అది గ్యాస్ నుంచే వస్తోంది. గ్యాస్ తీసేస్తే దాన్ని వేరేచోటి నుంచి పట్టి తేవాలి. రైతు చేతికి అందే సంచి మారడం అంత తేలిక కాదు.

రిటైర్డ్_డీఈ · ఆదివారం ఉదయం 7:20

రాత్రి ఒకటి రాయకుండా వదిలేశాను. పాకిస్తాన్‌ని చూడండి. 2024లో చైనా నుంచి 17 గిగావాట్ల చుట్టూ ప్యానెళ్లు దిగుమతి చేసుకుంది. ఇది ప్రభుత్వ పథకం కాదు, బిల్లులు భరించలేక జనమే కొన్నారు. డబ్బున్నవాళ్లు, ఫ్యాక్టరీలు గ్రిడ్ మీద వాడకం తగ్గించుకున్నారు. కానీ పాత ప్లాంట్లకు కరెంటు కొన్నా కొనకపోయినా కట్టాల్సిన ఛార్జీలు అలాగే ఉన్నాయి. ఆ బరువు గ్రిడ్ మీద మిగిలిపోయిన పేదవాడి బిల్లులోకి వచ్చింది.

ఇక్కడికి రండి. మన దగ్గర రైతుకి ఉచితం, గృహజ్యోతిలో నెలకి 200 యూనిట్ల లోపు వాడే పేద ఇళ్లకి ఉచితం. ప్రభుత్వం సబ్సిడీ కొంత ఇస్తుంది. మిగతాది ఎక్కువ స్లాబు ఇళ్ల మీద, ఫ్యాక్టరీలు, షాపుల మీద వేసే ఎక్కువ రేటు. జూబ్లీహిల్స్ బంగళా, మాదాపూర్ ఆఫీసు, బాలానగర్ షెడ్డు ముగ్గురూ సోలార్, బ్యాటరీ పెట్టుకుని సగం బయటికి పోతే డిస్కంకి, అంటే కరెంటు పంచే సంస్థకి, మిగిలేది డబ్బులు కట్టని కస్టమర్లు. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్‌మన్ జీతం తగ్గవు.

పెట్రోలు మీద తెలంగాణ వ్యాట్ 35.2 శాతం. ఎలక్ట్రిక్ బండికి 2024 నవంబరులో రోడ్డు పన్ను కూడా మాఫీ చేశారు. బండ్లన్నీ కరెంటుకి మారితే ఖజానాకి ఆ డబ్బు ఎక్కడినుంచి? ఏదో ఒక రోజు దాన్ని కరెంటు బిల్లులోనే వేస్తారు. ఉత్పత్తి చవకైనంత మాత్రాన బిల్లు చవక కాకపోవడానికి ఇదీ ఒక కారణమవుతుంది.

పాలమూరు_బోరు · 7:41

అంటే చివరికి మా ఉచితం మీదికే వస్తారన్నమాట.

రిటైర్డ్_డీఈ · 7:50

మీదికి రావడం కాదు బాబూ. ఆ డబ్బు బిల్లులో దాచకుండా బడ్జెట్‌లో నేరుగా చూపించమంటున్నాను. దాచినంత కాలం ప్రతి సోలార్ ప్యానెల్ మీకు శత్రువులా కనిపిస్తుంది.

బాలానగర్_ఫౌండ్రీ · 8:30

డీఈ గారూ, ఒక సలహా కావాలి. సోలార్ టైంలో, అంటే పగలు, కరెంటు మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తగ్గించాలని కేంద్రం 2023లో రూల్ తెచ్చిందన్నారు కదా. మేం ఇన్నాళ్లూ రాత్రి రాయితీ కోసం ఫర్నేస్ రాత్రిపూటే వేస్తున్నాం. షిఫ్టు పగటికి మార్చుకోవాలా? మారిస్తే రెండో ఫర్నేస్ కూడా పెట్టాలి, ఎందుకంటే ఆ తక్కువ రేటు ఉండే గంటలు తక్కువ.

రిటైర్డ్_డీఈ · 8:52

తొందరపడకండి. ఆ రూల్ ఇక్కడ ఎలా అమలవుతుందో కరెంటు రేట్లు ఖరారు చేసే మన రాష్ట్ర ఈఆర్‌సీ టారిఫ్ ఆర్డర్‌లో మీ కేటగిరీ కింద ఏముందో చూడండి. దినపత్రిక వార్త చూసి నిర్ణయించొద్దు. రెండో ఫర్నేస్ పెడితే కాంట్రాక్టెడ్ డిమాండ్, అంటే ఒకేసారి ఎంత లోడు వాడుకుంటారో మీరు రాసిచ్చే లెక్క, పెరుగుతుంది. యూనిట్ మీద మిగిలిన డబ్బుని ఆ లోడు మీద నెలనెలా పడే డిమాండ్ ఛార్జీ తినేయొచ్చు. గత ఏడాది బిల్లులన్నీ పట్టుకుని ఎనర్జీ ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.

బాలానగర్_ఫౌండ్రీ · 9:05

సరే సార్. మా మెల్టర్లు బిహార్, ఒడిశా పిల్లలు. పగలు మార్చుదామా అని నిన్న అడిగాను. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి రేకుల షెడ్డు కింద ఫర్నేస్ ముందు నిలబడమంటారా అన్నారు. రేటు తక్కువ ఉండేది కూడా సరిగ్గా ఆ గంటలోనే. ముందు షెడ్డుకి గాలి సంగతి చూసి, ఆడిటర్ దగ్గరికి వెళ్తాను. ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.